మరకుంటే మరక కూడా

రోజు 1. బావిలో 21 మెట్లు.

గీతలగదిలో చేరినవాళ్లు రోజూ ఏదో ఒకటి రాసి పెట్టాలట. నకలు సగంలో ఉండగా మనిషి పోతే, తర్వాత వచ్చే చేయికి ఎక్కడ ఆగిందో తెలియాలి కదా. అందుకే ఈ పాతబట్ట అంచుల మీద రాస్తున్నాను. తర్వాత చేయీ, నీకు నమస్కారం. నా పేరు సుంకమ్మ. నలభై ఆరేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లు ఈ కొండ లోపలి మా ఊరికి నీళ్ల పైపులు బిగించాను. పోయిన నెల మూడో సొరంగంలో నాపరాయి జారి మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ మోకాలు మడత పడదు.

"నిచ్చెన ఎక్కలేని ఫిట్టరు నాకెందుకు? పోయి గీతలు నేర్చుకో" అని తిమ్మక్క నన్ను ఇక్కడికి తోలింది. తిమ్మక్క మా నీళ్లపెద్ద. ఈ ఊళ్లో ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు, నేను తప్ప. నా మాటను వినేవాళ్లూ లేరనుకో.

గీతలగదిలో నేర్పే అయివారి పేరు ఉసేనయ్య. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి, నావి కాయలు కాసి ఉన్నాయి.

"పానా పట్టిన చేతులు. మెత్తబడాలంటే ఏడాది పడ్తాది. నాకాడ ఆరు నెలలే ఉండాయి" అన్నాడు.

గోడకు వేలాడుతున్న పెద్ద బట్ట చూపించాడు. అది నీళ్లపటం. కొండ లోపల నీళ్లు ఎక్కడెక్కడ పారుతాయో అందులో ఉంది. నూటముప్పై ఏళ్ల కిందట, సూర్యుడు రేగి ఎండపోటు కొట్టి యంత్రాల జ్ఞాపకాలన్నీ చెరిగిపోయిన ఏడాది, గౌరక్క అనే ఆమె సొరంగాలన్నీ తిరిగి నాపరాళ్ల మీద మసితో ఈ పటం గీసింది. ఆ పటం రాళ్లు ఎప్పుడో కప్పు కూలి నుగ్గయ్యాయి. అప్పటికే తీసిన నకలుకు నకలు, దానికి మళ్లీ నకలు. ఇది ఐదోది, ఉసేనయ్య చేసింది. బట్ట చివికిపోతోంది, ఆరు నెలలకు మించి నిలవదు. ఆరోది నేను చేయాలి.

"నియమం ఒకటే మ్మే. వెంట్రుకంత తేడా రాకూడదు. గీతుంటే గీత. మరకుంటే మరక కూడా."

పైన రాసిన మెట్ల సంగతి. ఊరి దిగుడుబావికి ఇరవై నాలుగు మెట్లు. నీళ్లలో మునిగినవి ఎన్నో లెక్కపెట్టి ముందు అది రాయడం ఇక్కడి ఆనవాయితీ.

రోజు 9. బావిలో 21 మెట్లు.

మేక వీపు. ఒక్క గీత. కొమ్ముల వెనక మొదలై తోక దగ్గర అయిపోతుంది. ఈ రోజుకు నాలుగు వందల పదహారు సార్లు గీశాను.

గౌరక్క చిన్న బొమ్మలు ముప్పై దాకా రాళ్ల మీద అలాగే మిగిలాయి. మేకలు, ఆకులు, చేతులు, కుండ, నోరు తెరుచుకుని నిద్రపోతున్న ముసలామె ఒకతె. ఆ ముసలామె గౌరక్క అత్తగారట. ముందు వీటిని గీసి గీసి చేయి కుదిరితేనే అయివారు నీళ్లపటం ముట్టనిస్తాడు. అద్దాలు పైనుంచి ఎండ దింపేది రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ పని. వేలు నీళ్లలో ముంచి నాపరాయి మీద గీయడం, అది ఆరిపోగానే మళ్లీ గీయడం. తప్పు కూడా ఆరిపోతుంది కాబట్టి సిగ్గుపడే పని లేదు.

నేను మేకను చూడలేదు. ఉసేనయ్య చూడలేదు. ఆయనకు నేర్పినాయనా చూడలేదు. ఈ కొండలోకి వచ్చాక మేక అనేది పాటల్లోనే ఉంది. నాలుగు వందల పదహారోసారి కూడా అయివారు "వంకర" అనేసరికి నాకు ఒళ్లు మండింది.

"చూడని జంతువు వీపు వంకర పోయిందని ఎట్ల చెప్తాండావు అయివారూ?"

"మేక వీపు ఎవురు చూసినారు మ్మే. నేను గౌరక్క చేయి చూస్తాండా. ఆ చేయి ఈడ ఇట్ల పోదు."

తిట్టుకుంటూ నాలుగు వందల పదిహేడోది గీశాను.

రోజు 34. బావిలో 18 మెట్లు.

తడివేలు సాధన బంద్. తిమ్మక్క ఉత్తర్వు. మనిషికి రోజుకు నాలుగు చెంబులే. ఇకమీద రాయి మీద దుమ్ము చల్లి పుల్లతో గీయాలి. దుమ్ము ముక్కులోకి పోతుంది, తుమ్మితే మేక ఎగిరిపోతుంది.

పటంలో ఆరు కాలువలు బావిలోకి వస్తున్నట్టు ఉన్నాయి. ఆరూ నాకు తెలుసు, ఆరింటికీ పైపులు బిగించింది మేమే. ఆరూ సన్నబడుతున్నాయి. ఇంకో కాలువ, ఏడోది, పడమటి వైపు పటంలో ఉంది గానీ ఎవరూ ఎప్పుడూ తెరవలేదు, అవసరం పడలేదు. తిమ్మక్క ఇప్పుడు దాని కోసం పడమటి గోడ తొలిపిస్తోంది. బోరు పట్టేది దస్తగిరి. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు వాడికి ముప్పై ఎనిమిదేళ్లు, ఊళ్లో వాణ్ని మించిన బోరుచేయి లేదు.

రోజు 58. బావిలో 15 మెట్లు.

ఈ రోజు నాకు ఒకటి కనబడింది. ఇన్నాళ్లూ ఎదురుగానే ఉంది.

గౌరక్క ఏ గీత మొదలుపెట్టినా మొదట చిన్న చుక్క పడుతుంది. కుంచె ఆనించి, ఊపిరి తీసుకుని, అప్పుడు కదుల్తుంది. కదిలాక కిందికి దిగే వైపు గీత లావవుతుంది, పైకి ఎక్కేటప్పుడు సన్నబడుతుంది. మేక వీపులో ఉంది, ఆకు ఈనెలో ఉంది, అత్తగారి ముక్కులో ఉంది. ఉసేనయ్యకు చెప్పాను. తాతకు దగ్గులు నేర్పినట్టయింది.

"ఊపిరిచుక్క అంటారు దాన్ని. నేను చెప్తే నీకు మాట తెలుస్తాది. నువ్వే పట్టినావు కాబట్టి ఇప్పుడు చేయికి తెలిసింది" అని నవ్వాడు. రెండు నెలల్లో ఆయన నవ్వడం ఇదే మొదలు.

ఊపిరి తీసుకుని మేక వీపు గీశాను. ఆయన "వంకర" అనలేదు. సంతోషంతో ఆ పూట, సొరంగాల్లోకి గాలి తోలే చక్రం నా వంతు గంటే అయినా రెండు గంటలు తిప్పాను.

రోజు 77. బావిలో 12 మెట్లు.

మేక ముక్కు రావడం లేదు. పదిరోజులుగా ఇదే గోల. వీపు, కాళ్లు, గడ్డం అన్నీ వచ్చాయి. ముక్కు దగ్గర గౌరక్క బూడిదరంగు నీడ ఒకటి పెట్టింది. అంచు లేదు, ఒకవైపు చిక్కగా ఉండి ఇంకోవైపుకు జారిపోతుంది. ఉసేనయ్య మసిపొడిని గుడ్డతో అద్దుతాడు. అలా చేస్తే నీడ వస్తుంది గానీ ఆ నీడ రాదు. నాలుగు తరాలుగా అంతే, అందరి మేకలకూ ముక్కు చచ్చినట్టే ఉంది.

ఈ రోజు కోపంతో బొటనవేలు నాలుక మీద రాసుకుని మసి మీద నొక్కి పక్కకు లాగాను. తుడిచేద్దామనే లాగాను. ముక్కు వచ్చేసింది.

"అయివారూ, మేక ముక్కు తడిగా ఉంటాదా?"

ఆయన వంగి చూశాడు. "మా అవ్వ అనేది, తడిగానే ఉంటాదంట" అన్నాడు.

మిగిలిన రాళ్లన్నీ దింపి చూశాం. అత్తగారి నోటి చివర కారిన చొంగ, బొటనవేలు. కుండ మూతి, బొటనవేలు. కత్తితో తెగిన చేయి బొమ్మ ఒకటుంది, ఆ గాయం దగ్గర బొటనవేలు. గౌరక్క ఎక్కడ తడి చూసినా కుంచె పక్కన పెట్టి వేలు నాకి రుద్దింది. తడిలేని చోట ఒక్కచోట కూడా రుద్దలేదు. సొంత అత్తగారి చొంగను ఇంత శ్రద్ధగా గీసిన కోడలు లోకంలో ఇంకొకతె ఉండదు.

ఉసేనయ్య తన గుడ్డను చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. యాభై ఏళ్లు అద్దిన గుడ్డ. ఆయన ముఖం చూసి నాకు సంతోషం సగమయింది.

రోజు 96. బావిలో 9 మెట్లు.

పటం ముట్టనిచ్చాడు. కొత్తబట్ట బిగించి ఆరు కాలువలూ మొదటి నాలుగు రోజుల్లో దించాను. ఊపిరిచుక్క ఉంది, నీళ్లు దిగే వైపు గీత లావయింది. నాలుగు తరాల చేతులు మారినా గౌరక్క ఊపిరి అలాగే ఉంది. వెంట్రుక నియమాన్ని తిట్టుకున్న నోటితోనే దండం పెట్టుకున్నాను.

ఈ రోజు ఏడో కాలువ. కుంచె ఆనించి ఊపిరి తీసుకోబోయాను. చుక్క లేదు. గీత మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. రెండుచోట్ల పుటుక్కున మలుపు తిరిగింది. నీళ్లు అలా తిరగవు. గౌరక్క చేయీ అలా తిరగదు. అలా తిరిగేది ఏదో నాకు బాగా తెలుసు. నాపరాయిని సుత్తితో కొడితే అలా చీలుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆ రాళ్లు పగలగొట్టిన మనిషిని నేను.

ఏడో కాలువ కాలువ కాదు. గౌరక్క గీసిన రాయికి పడ్డ పగులు. మొదటి నకలు చేసినాయన మరకుంటే మరక కూడా అన్నట్టు పగులుంటే పగులు కూడా గీశాడు. తర్వాతివాళ్లు దాన్ని గీతనే అనుకున్నారు.

చెప్పగానే ఉసేనయ్య లేచి నిలబడ్డాడు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు.

"నోరు మూసుకో మ్మే! మూడో నకలు చేసినోడు ఇట్లనే అర్థం చేసుకున్యాడు. వంకర గీతను దిద్దినాడు. ఆ పటం నమ్మి గోడ కొడితే సొరంగం మునిగి పదకొండు మంది పోయినారు. మళ్ల, అదృష్టం బాగుండి ఇంకా చింపని రెండో నకలు తెచ్చి మొదట్నుంచి చేసుకోవాల్సి వచ్చింది. అర్థం చేసుకునేది మన పని కాదు. చూసేది, గీసేది, అంతే."

ఏడో గీతను ఉన్నదున్నట్టు గీశాను. చేయి కుదురుగానే ఉంది.

రోజు 103. బావిలో 8 మెట్లు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. పడమటి గోడలో మాకు ఎలుక కూడా దొరకలేదు. ముప్పై ఎనిమిది మూరలు పోయింది బోరు, ఎండు రాతిపిండి తప్ప ఏమీ రాలేదు. బోరు కొసకు బిగించే బిట్లు రెండు విరిగాయి. మిగిలింది ఒక్కటే బిట్టు.

ఈ రోజు జాబితా కూడా గోడకు అంటించారు. రెండు మెట్లు మిగిలిన రోజున ఊరు ఖాళీ చేయాలి. నాలుగు వందల పన్నెండు మంది బయట ఎండలో నాలుగు రోజులు నడిచి పడమటి గుట్ట ఊరు చేరాలి. మోసుకుపోవడం కుదరదు, ఎవరి నీళ్లు వాళ్లు మోస్తేనే బతికి చేరతారు. నడవలేనివాళ్లు ఇక్కడే ఉంటారు, మిగిలిన రెండు మెట్ల నీళ్లతో. ఆ జాబితాలో ముప్పై ఏడు పేర్లున్నాయి. నాలుగోది ఉసేనయ్య. పదహారోది నాది. నా పేరు అక్కడ చూసి నాకు భయమేసింది. దాచుకోవడానికి ఏముంది, చాలా భయమేసింది.

అయివారికి చెప్పకుండా తిమ్మక్క దగ్గరికి పోయాను. పగులు సంగతి చెప్పాను, గౌరక్క చేయి నాకెలా తెలుసో చెబుతూ బొటనవేలి సంగతీ చెప్పాను. ఆమె మధ్యలో ఆపకుండా వింది. కళ్ల కింద నల్లగా ఉంది, నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

"సరే, పగులే అనుకుందాం. పడమటి గోడ వద్దు. మరి నీళ్లు యాడుండాయో చెప్పు. ఉన్నేది ఒక్క బిట్టు. పాతకాలంలో టెంకాయ అరచేతిలో పెట్టుకోని తిరిగి ఈడ బోరెయ్యండి అని చెప్పేటోళ్లంట. నువ్వు ఇప్పుడు బొటనేలు పెట్టుకోని తిరుగుతావా సుంకమ్మా?"

వెటకారమే. కానీ బొటనవేలు అనేసరికి నా బుర్రలో ఏదో కదిలింది. గీతలగదికి నా కాలు ఈడ్చుకుంటూ ఎంత తొందరగా పోగలనో అంత తొందరగా పోయాను.

రోజు 105. బావిలో 7 మెట్లు.

తడి చూసిన చోటల్లా వేలు రుద్దిన మనిషి పటంలోనూ రుద్ది ఉండాలి. రెండు రోజులు పటం మీద గీతలు వదిలేసి మరకలే వెతికాను. దీపం మసి, చేతి జిడ్డు, చివుకు. దక్షిణం మూలలో, ధాన్యంగది గోడ దగ్గర, గోరంత బూడిదరంగు నీడ కనిపించింది. ఒకవైపు పలచబడుతోంది. రెండోవైపు చిక్కబడాల్సిన చోట ఏమీ లేదు, కత్తిరించినట్టు ఆగిపోయింది. సగం మేక ముక్కు.

"అయివారూ, ఇది ఇంతేనా? నాలుగో నకలులో కూడా ఇంతే ఉన్నిందా?"

ఆయన పటం వదిలి పోయి మూలన కూర్చున్నాడు. కొర్ర సంగటి ముందు పెట్టుకుని ముట్టలేదు. అద్దాల వెలుగు పోయేవేళకు ఆయనే పిలిచాడు.

"ఇంత ఉన్నింది" అని బొటనవేలు మొత్తం చూపించాడు. "నాకు అప్పుడు ముప్పై ఆరేండ్లు. నా నకలు అందరికంటే శుభ్రంగా ఉండాలని పొగరు. సగం గీసినాక మురికిలే అనుకున్యా. మిగతాది గీయలా. గీసిందాంట్లో గూడా కొంచెం తుడిచినా. వెంట్రుక నియమం అని ముప్పై ఎనిమిదేండ్లు అందరి చేతుల మీదా కొట్టినా. తప్పినోణ్ని నేనే మ్మే."

ఆయన మీద కోపం రావాలి. జాబితాలో నా పేరు గుర్తొచ్చి వచ్చింది కూడా. కానీ ఆ వణికే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఆయన పేరు నాకంటే పైనే ఉంది.

నాలుగో నకలు ఎక్కడ? ఎక్కడా లేదు. కొత్త నకలు అయిపోగానే పాతబట్టను ముక్కలు చేసి, ఆ ఏడాది పుట్టిన పిల్లలకు పొత్తిగుడ్డలుగా పంచడం మా ఊరి ఆచారం. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఇరవై ముక్కలు పంచారట.

రోజు 109. బావిలో 6 మెట్లు.

నాలుగు రోజులు గడప గడపకూ తిరిగాను. ముప్పై ఎనిమిదేళ్ల వయసున్న ప్రతి మనిషినీ ఆపి "నీ పొత్తిగుడ్డ యాడుంది?" అని అడిగితే ఎలా చూస్తారో ఊహించుకో. కొందరు పీలికలు చేసి దీపాల్లో వేసేశారు. కొందరు దాచారు గానీ వాళ్ల ముక్కలు ఉత్తరానివో తూర్పువో. ఒకామె పెళ్లి రవికె కుట్టించుకుందట, వీపు మీద మూడో కాలువ ఉంది.

చివరికి బోరు దస్తగిరి ఇంటికి పోయాను. వాళ్లమ్మ కాశింబీ పెట్టె అడుగునుంచి మడత తీసింది. దక్షిణం మూల! ధాన్యంగది గోడ అదే. గబగబా విప్పాను. ఒక మరక కాదు, ఐదారు మరకలు.

"చంటోడు గదా సుంకమ్మా. ఉతికినా పోలేదు" అంది కాశింబీ.

దస్తగిరి ముఖం ఎర్రబడింది. ముప్పై ఎనిమిదేళ్ల మగమనిషి, ఊరి బోరుచేయి, వాకిట్లో నిలబడి నేల చూస్తున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఊరి ప్రాణం ఏ మరకలో ఉందో తేల్చుకోవాలి, గౌరక్కదా, దస్తగిరిదా?

అద్దాల వెలుగులో పరిచాను. పిల్లవాడి మరకలు పసుపు పచ్చగా గుండ్రంగా అంచు కట్టి ఉన్నాయి. ఒక్కటి మాత్రం మసి. అంచు లేదు. నాలుగో నకలు చేసినాయన దాన్ని వెంట్రుక వెంట్రుకగా దించాడు. మొదట్లో చిన్న చుక్క, అక్కడ చిక్కదనం, తర్వాత ఈశాన్యానికి జారుతూ పలచబడటం. అప్పట్లో ఆ గోడ చెమర్చడం చూసి గౌరక్క ఊపిరి తీసుకుని, వేలు నాకి, రుద్దింది. ఆ వేలు నాకు తెలుసు. మేక ముక్కు మీద నేను నూటయాభైసార్లు గీసిన వేలు అది.

"ఇదేనా అత్తా?" అన్నాడు దస్తగిరి.

"ఇదే ప్పా. మిగిలినవన్నీ నీవే."

రోజు 110. బావిలో 6 మెట్లు.

పంచాయతీ. తిమ్మక్క రెండు బట్టలూ పక్కపక్కన పెట్టించింది. ఐదో నకలులో సగం ఉంది, నాలుగోదాంట్లో మొత్తం ఉంది. ఎందుకు తేడా అని ఆమె అడగకముందే ఉసేనయ్య లేచాడు. నేను చెప్పకూడదనే అనుకున్నాను. ఆయనే చెప్పాడు, అందరి ముందూ, నాకు చెప్పిన మాటలే. కూర్చున్నవాళ్లలో ఒకాయన లేచి ఉమ్మేసి పోయాడు. అయివారు కూర్చోలేదు.

"నా మాట నమ్మొద్దండి. ఈమె చేయి నమ్మండి. నేను నేర్పినవాళ్లల్లో గౌరక్క చేయి పట్టింది ఈమె ఒక్కతే" అన్నాడు.

తిమ్మక్క నావైపు తిరిగింది. "తప్పయితే?"

"తప్పయితే నడవలేనోళ్లల్లో నేనూ ఉండా. నన్ను నిలదీసే శ్రమ గూడా నీకుండదు."

ఆమె నవ్వలేదు. రెండు మరకల మీదా వేలు పెట్టి చూసింది. "దస్తగిరీ, పొద్దున బిట్టు దక్షిణం పక్కకు తీస్కపో" అంది.

రోజు 112. బావిలో 5 మెట్లు.

ఐదు మూరలు పోయాక బిట్టు విరిగింది.

ధాన్యంగది గోడలోంచి వచ్చిన రాతిపిండి ఎండుగానే ఉంది. పిడికిట్లోకి తీసుకుని నలిపాను, పొడిపొడిగా వేళ్లలోంచి జారిపోయింది. ఇంతేనా అనిపించింది.

తర్వాత పైపుల గదికి పోయి నా పాత సుత్తి, ఉలి తెచ్చుకున్నాను. గోడ ముందు కాలు చాచి కూర్చున్నాను. కూర్చుని చేసే పనికి మోకాలు అడ్డం రాదు. బొక్క పక్కన మొదటి దెబ్బ వేశాను. దస్తగిరి చూస్తూ నిలబడ్డాడు.

"బిట్టే పోలేదు అత్తా, ఉలి ఎట్ల పోతాది?"

"మేక వీపు నాలుగు వందలసార్లు గీయించినాడు అయివారు. ఎట్ల పోతాదని నేనూ అడిగినా. కొట్టు ప్పా."

ఇంకో ఉలి తెచ్చుకుని వాడు నా పక్కన కూర్చున్నాడు.

రోజు 116. బావిలో 4 మెట్లు.

మనిషి దూరేంత బొక్క. వంతులు వేసుకున్నాం. జాబితాలో ఉన్న ముప్పై ఏడు మందిలో చేతులు బాగున్నవాళ్లు పంతొమ్మిది మంది, అందరూ వచ్చారు. పంచాయతీలో ఉమ్మేసి పోయినాయన కూడా పలుగు తెచ్చాడు, నన్ను పలకరించకుండా పని మొదలుపెట్టాడు. ఆరున్నర మూరలు. ఎండుగా ఉంది. ఉసేనయ్య ఉలులకు పదును పెడుతున్నాడు. వణికే చేతులతో ఎలా పెడుతున్నాడో, పదును మాత్రం బాగుంది.

రోజు 120. బావిలో 3 మెట్లు.

ఎనిమిది మూరలు. ఎండుగా ఉంది. తిమ్మక్క ప్రయాణానికి తోలుసంచులు పంచడం మొదలుపెట్టింది. పంచేసి నేరుగా వచ్చి నా చేతిలో ఉలి లాక్కుని రెండు గంటలు కొట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. నా అరచేతులు మళ్లీ కాయలు కాశాయి. ఇక గీతలకు పనికిరావేమో అని ఒకసారి దిగులేసింది. ఆ దిగులు చూసి నాకే నవ్వొచ్చింది, బతికితే కదా గీతలు.

రోజు 121. బావిలో 3 మెట్లు.

తొమ్మిదో మూర. బొక్క చివర నేను, నా వెనక దస్తగిరి దీపం పట్టుకుని. ఒక పెచ్చు ఊడింది. దాని వెనక రాయి రంగు వేరుగా ఉంది. దీపం ముందుకు జరపమన్నాను.

రాయి మీద మరక. పైన చుక్కంత చోట చిక్కగా, అక్కడినుంచి ఈశాన్యం వైపు జారుతూ పలచబడుతూ. అంచు లేదు. నూటముప్పై ఏళ్ల కిందటి గౌరక్క ఇప్పుడే వేలు నాకి రుద్ది పోయినట్టుంది.

బొటనవేలు దాని మీద పెట్టాను. తీసి నాలుక మీద రాసుకున్నాను. చల్లగా, సున్నం రుచిగా ఉంది.

"ఏముంది అత్తా?" అన్నాడు దస్తగిరి.

ఉలి చుక్క మీద పెట్టి, ఊపిరి తీసుకుని, కొట్టాను. మూడో దెబ్బకు నీళ్లు నా ముఖాన కొట్టాయి. దీపం ఆరిపోయింది. చీకట్లో ఇద్దరం పిచ్చివాళ్లలా అరిచాం. నేను ఏడ్చాను కూడా, నీళ్లలో తెలియలేదు.

రోజు 163. బావిలో 14 మెట్లు.

ధాన్యంగది నుంచి బావికి పైపు బిగించింది దస్తగిరి, పక్కన కూర్చుని తిట్లు తిట్టింది నేను. జాబితా తిమ్మక్కే చించేసింది. తడివేలు సాధన మళ్లీ మొదలయింది.

ఆరో నకలు ఈ రోజుతో అయిపోయింది. ఏడో గీత అప్పుడు దించినట్టే ఉంది, వెంట్రుక తేడా లేదు. దాని పక్కన 'ఇది పగులు, తవ్వవద్దు' అని అక్షరాలు రాయాలా వద్దా అని అయివారిని అడిగాను. నియమంలో అక్షరాలు లేవు. ఆయన "రాయి మ్మే" అన్నాడు.

దక్షిణం మూల ఒక్కటే మిగిలింది. మసి అద్దాను, వేలు పైకెత్తాను. అయివారు నా వెనక నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. బట్టను ఆయన వైపు జరిపాను.

"నా చేతులు చూస్తాండావు గదా" అన్నాడు.

"కుంచె కాదు అయివారూ. బొటనేలు."

ఆయన అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత కూర్చున్నాడు. వేలు నాలుక మీద రాసుకున్నాడు. గాల్లో ఉన్నంతసేపు అది వణికింది. బట్ట మీద ఆనించాక ఆగింది. ఊపిరి తీసుకుని, నొక్కి, ఈశాన్యానికి లాగాడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట వదిలేసిన సగమూ, తుడిచేసిన కొంచెమూ వచ్చేశాయి.

తర్వాత చేయీ, నీకోసం ఒక్క మాట. ఈ పటమంతా నేను గీశాను, ఆ మూల తప్ప. అది ఉసేనయ్యది. మురికి కాదు, తుడవవద్దు.